కోళ్ల దొర పట్టుకుపోయిన పాట

నంద్యాల చర్చిలో ఏ పెళ్లి జరిగినా, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ దస్కతులు చేసి వాకిలి వైపు నడిచేటప్పుడు దేవదానం ఫిడేలు మీద ఒక పాట వాయించేవాడు. నలభై ఏళ్లుగా అదే పాట. పాటంటే మాటలుండవు, ఉత్త వరస. మొదటి సగం గంతులు వేసుకుంటూ పైకి పోతుంది, రెండో సగం మెట్లు దిగినట్టు నిదానంగా కిందికి వస్తుంది. అది చెవిన పడితే చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్లు కూడా కాలు కదిపేవాళ్లు. "ఏ సినిమాలోది సార్ ఇది?" అని ఎవరైనా అడిగితే దేవదానం కొంచెం ఛాతీ విరుచుకొని, "సినిమా గినిమా కాదప్పా. మా నాయన కట్టిన పాట. ఆళ్లగడ్డ పాట" అనేవాడు.

ఆయన నాయన నతానియేలు ఆళ్లగడ్డ మిషన్ బడిలో పంతులుగా పనిచేసి, డెబ్బై తొమ్మిదిలో పోయాడు. కొడుక్కు ఆయన ఇచ్చిపోయినవి రెండే, నల్లబడిపోయిన ఒక ఫిడేలు, ఈ పాట. దేవదానం నంద్యాలలో స్థిరపడి ముప్పై రెండేళ్లు బళ్లో సంగీతం చెప్పాడు. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. నూనెపల్లెలో ఇంటి వరండా మీదే సాయంత్రాలు పాఠాలు చెప్తాడు. వయొలిన్ అని ఎప్పుడూ అనడు. నాయన ఫిడేలు అనేవాడు కాబట్టి ఆయనకూ అది ఫిడేలే.

ఆయన దగ్గర నేర్చుకునేవాళ్లలో సింధూజ పెద్దది. నూనె వ్యాపారం చేసే భాస్కరయ్య మనవరాలు, డిగ్రీ కాలేజీలో లెక్చరర్. పదేళ్ల పిల్లల మధ్య కూచొని సరళీ స్వరాలు వాయించడానికి సిగ్గుపడకుండా మూడేళ్లుగా వస్తోంది. జూలైలో ఒక ఆదివారం, పాఠం ఇంకా మొదలు కాకముందే, ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది.

"సార్, ఇది ఒకసారి వినండి. మీరు పెళ్లిళ్లలో వాయించేదే కదా?"

ఫోన్‌లో చెక్క ఇంటి అరుగు మీద నలుగురు తెల్ల పిల్లలు కూచొని ఉన్నారు. రెండు ఫిడేళ్లు, ఒక గిటారు, పలకకు కాడ తగిలించినట్టుండే ఇంకో వాయిద్యం. కమాను తీగ మీద పడింది. దేవదానం కళ్లద్దాలు తీసేసి, ఫోన్‌ను చెవి దగ్గరికి తీసుకున్నాడు. వేగం ఎక్కువ. ఒకటి రెండు చోట్ల స్వరాన్ని జార్చే తీరు వేరు. అయినా అదే పాట, అవే గంతులు, అవే మెట్లు.

"ఎవురమ్మా వీళ్లు? వీళ్లకు యాడ దొరికింది ఇది?"

సింధూజ కింద రాసింది చదివి చెప్పింది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా అనే కొండ ప్రాంతమట. అక్కడ తరతరాలుగా వాయిస్తున్న పాత పాటట. పేరు 'ఎల్లా గాడ్'. దాని కింద అరవై మందికి పైగా వాదులాడుకుంటున్నారు. ఎల్లా గాడ్ అనే ఆమె బొగ్గుగని కూలీ పెళ్లామని, గని కూలిపోతే మొగుడి కోసం గని నోటి దగ్గర నిలబడి నిలబడి చచ్చిపోయిందని, పాటలో పైకి పోయే ముక్క ఆమె పిలుపేనని ఒకాయన రాశాడు. అదంతా ఉత్తదే, ఐర్లాండ్ నుంచి రెండు వందల ఏళ్ల కిందట ఓడలో వచ్చిన పాట అని ఇంకొకామె. రెండూ కాదు, స్పెయిన్‌ది అని మూడో మనిషి.

"ఏం పేరన్నావ్?"

"ఎల్లా గాడ్, సార్."

దేవదానం ఆ పేరును నోట్లోనే రెండుసార్లు తిప్పుకున్నాడు. తర్వాత ఎంత నవ్వాడంటే, వంటింట్లో ఉన్న ఆయన భార్య గరిటె పట్టుకొని బయటికొచ్చింది.

"ఎల్లా లేదు, గాడ్ లేదు. ఆళ్లగడ్డ తల్లీ అది. తెల్లోళ్ల నోట్లో పడి అట్లయింది" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇది కోళ్ల దొర పనే."

ఆ రోజు పాఠం జరగలేదు. దేవదానం కోళ్ల దొర సంగతి చెప్పాడు.

అరవై ఎనిమిదో సంవత్సరం మాట. అప్పట్లో అమెరికా నుంచి చదువు ముగించిన కుర్రవాళ్లు రెండేళ్ల పనికి మన ఊళ్లకు వచ్చేవాళ్లు. ఆళ్లగడ్డకు వచ్చినవాడి పేరు వాల్టర్. దూలానికి తల తగిలేంత పొడుగు. ఇంటికి పది చొప్పున తెల్ల సీమకోళ్లు పంచి, గూడు ఎట్లా కట్టాలో, మేత ఎట్లా కలపాలో, తెగుళ్లొస్తే ఏ మందు వేయాలో చూపించడం అతని పని. ఊరంతా కోళ్ల దొర అనేది. అతని దగ్గర ఒక ఫిడేలుండేది. మొదటి ఎండాకాలానికే ఆళ్లగడ్డ ఎండకు దాని బంక కరిగి, పలక ఊడిపోయింది. ఎవరో చెబితే నతానియేలు పంతులు దగ్గరికి పట్టుకొచ్చాడు. ఆయన వడ్రంగుల దగ్గర బంక తెచ్చి అతికించి, తాళ్లతో కట్టి మూడు రోజులు నీడన పెట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం కోళ్ల దొర పంతులు అరుగు మీదే.

"నేను అప్పుడు నంద్యాలలో హాస్టల్లో ఉండి పీయూసీ చదువుతాండా. ఆ దొరను చూసింది రెండుసార్లే. క్రిస్మస్ సెలవులకు పోతే మా నాయన ఈ పాట నేర్పిచ్చినాడు. మళ్లా ఎండాకాలం పోయేసరికి దొర ఎల్లిపోయినాడు" అన్నాడు దేవదానం.

సింధూజ అక్కడే కూచొని, ఆయన చెప్పినదంతా ఇంగ్లీషులో రాసి ఆ వీడియో కింద పెట్టింది. ఇది ఆళ్లగడ్డ అనే ఊరి పాట, కట్టింది నతానియేలు అనే పంతులు, తీసుకుపోయింది వాల్టర్ అని.

నాలుగు రోజులకు జవాబొచ్చింది. రాసినామె పేరు క్లేర్. ఆ వీడియోలో ఎడమ పక్కన కూచొని ఫిడేలు వాయించిన అమ్మాయి. వాల్టర్ ఆమె తల్లికి చిన్నాన్నట. బడి పిల్లల బస్సు నడిపి బతికాడట, పన్నెండేళ్ల కిందట పోయాడట. చుట్టుపక్కల కుర్రకారుకంతా ఫిడేలు నేర్పింది ఆయనే. మాట తక్కువ మనిషి. ఈ పాట ఎక్కడిదని అడిగితే, 'ఒక బడిపంతులు దగ్గర నేర్చుకున్నా' అని మాత్రం అనేవాడట. ఆ పంతులు మా కొండల్లోవాడే అనుకున్నాం, క్షమించండి అని రాసింది. రాయడమే కాదు, వీడియో కింద 'కట్టినవారు నతానియేలు, ఆళ్లగడ్డ, భారతదేశం' అని మార్చింది.

ఇట్లాంటి సంగతి నంద్యాలలో దాగుతుందా? తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు దేవదానాన్ని ముందుకు పిలిచి శాలువా కప్పారు. పేపర్ జిల్లా పేజీలో ఫిడేలుతో ఫొటో పడింది. దారిలో కనపడినవాళ్లంతా ఆపి చెయ్యి కలిపారు. ఇంటికొచ్చాక ఆయన భార్య శాలువా మడత పెడుతూ అంది: "నలభై ఏండ్లు నువ్వు వాయిస్తే ఎవురూ కప్పలే. అమెరికావోళ్లు వాయిస్తే కప్పినారు."

ఆ మాటకు ఆయన నవ్వాడు గాని, ఆ నెల ఆయన నడిచిన తీరే వేరు. ఆళ్లగడ్డలో అద్దె ఇంట్లో ఉండి, రెండు చొక్కాలతో జీవితం వెళ్లదీసిన నాయన పేరు సముద్రం అవతల కొండల్లో రాసి ఉంది. పొద్దున లేచీ లేవగానే ఫోన్‌లో ఆ పేరు ఒకసారి చూసుకునేవాడు.

ఆగస్టు చివర్లో క్లేర్ ఇంకో సంగతి రాసింది. వాల్టర్ ఇంటి అటక మీద చెప్పుల పెట్టెలో పాత టేపు చుట్ట ఒకటి దొరికింది. దాని మీద 'ఆళ్లగడ్డ, నవంబర్ 1968' అని ఉంది. బాగు చేయించి ఫైలుగా పంపిస్తున్నాం, మొదట్లో ఏవో మాటలున్నాయి, మాకు అర్థం కాలేదు, తర్వాత పాట ఉంది, అని.

సింధూజ ఒక చిన్న స్పీకరు తెచ్చింది. వరండాలో ఇద్దరే. ఆమె ఫోన్ మీద వేలు పెట్టింది.

మొదట గరగర. ఒక కాకి. ఎక్కడో సైకిలు గంట. ఎవరో బిందె నేల మీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత ఒక మనిషి గొంతు.

"అవుతాందా ఇది? చక్రం తిరుగుతాంది, అయితే అవుతాందిలే."

దేవదానం కుర్చీ చేతులు పట్టుకున్నాడు. నలభై ఆరేళ్లుగా నాయన గొంతు వినలేదు. ఇంట్లో ఒక ఫొటో ఉంది, గొంతు లేదు. చాలా గంభీరంగా ఉండేదని ఇన్నాళ్లూ అనుకున్నాడు. కాదు. కొంచెం సన్నం, కొంచెం ముక్కుతో పలికే గొంతు. అచ్చం ఇప్పటి తన గొంతే.

స్పీకరులో ఇంకో గొంతు తడబడుతూ అంది: "తెలుగులో చెప్పు అప్పా. నేను నేర్చుకుంటాండా."

నతానియేలు నవ్వాడు. "సరే, తెలుగులోనే చెప్తా విను. ఈ పాట నాది కాదు వాల్టర్. మా పక్కింటి ఖాజా పీర్ కూతురు అజీజు ఉంది గదా, మాపటేళ నీ తెల్లకోళ్లను గూట్లోకి పిలుస్తాది చూడు, ఆ కూత ఇది. దాన్నే ఫిడేలు మీదికి ఎక్కిచ్చినా. మొదటి సగం ఆ పిల్లది. రెండో సగం నేను అతికిచ్చినా, నీ ఫిడేలుకు పలక అతికిచ్చినట్ల. నువ్వు యాడన్నా వాయిస్తే ఆ మాట చెప్పు. మర్చిపోగాకు."

"చెప్తా అప్పా."

తర్వాత పాట. రెండు నిమిషాల పాట. చివర్లో టక్కుమని ఏదో ఆగిన చప్పుడు.

సింధూజ స్పీకరు ఆపేసింది.

"క్లేర్‌కు ఏం రాయమంటారు సార్?" అని మెల్లగా అడిగింది.

"రేపు చెప్తాలే" అన్నాడు.

మరునాడు చెప్పలేదు. ఆ మరునాడూ చెప్పలేదు. సింధూజ రెండు రోజులూ వచ్చి, తన పాఠం తను వాయించుకొని, దండం పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు. అడిగితే ఏదో ఒక అబద్ధం చెప్పేవాడేమో. అడగకపోవడంతో ఆ అబద్ధం ఆయన గొంతులోనే ఉండిపోయింది.

ఆయనకు ముందు కోపం వచ్చింది, అదీ నాయన మీద. ఇంత మంచి పాట చేతిలో పెట్టి, నాది కాదు అనడమేంది? కోళ్ల కూతట. చర్చి నిండా జనం ముందు శాలువా కప్పించుకున్నది ఒక కోళ్ల కూతకా? అక్కడ ఆ కొండల్లో తెలుగు వచ్చినవాళ్లు ఎవరూ లేరు. ఆ మాటలు వాళ్లకు ఉత్త చప్పుడు. నోరు మూసుకుంటే అయిపోతుంది.

కోపం దిగాక ఇంకోటి పట్టుకుంది. ఆ క్రిస్మస్ సెలవుల్లో నాయన పాట నేర్పిన రోజు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. అరుగు గుర్తుంది, నాయన మోకాలి మీద ఫిడేలు గుర్తుంది. తనకు పదిహేడేళ్లు. తల నున్నగా దువ్వుకొని, టెంటు సినిమాకు వేళవుతోందని వీధి వైపే చూస్తూ కూచున్నాడు. నాయన పెదవులు కదులుతున్నాయి. ఏదో చెబుతున్నాడు. ఏం చెబుతున్నాడో గుర్తు లేదు. చెప్పాడేమో. దొరకు చెప్పినవాడు కొడుక్కు చెప్పకుండా ఉంటాడా. తనే వినలేదేమో.

మూడో రోజు పొద్దున ఫిడేలు తీశాడు. మొదటి సగం ఒక్కటే వాయించాడు. మూడు పొట్టి స్వరాలు, తర్వాత పైకి సాగే ఒక పొడుగు స్వరం. మళ్లీ మూడు పొట్టివి, ఒక పొడుగు. యాభై ఏడేళ్లు వాయించాడు, ఎప్పుడూ తట్టలేదు. అది పిలుపే. ఇంకేమీ కాదు. రెండో సగం వాయించాడు. దాంట్లో చర్చి పాటల నడక ఉంది, నాయన నడక. రెండూ కలిసే చోట అతుకు ఎక్కడుందో ఇప్పుడు చెవికి స్పష్టంగా తెలుస్తోంది.

అజీజును గుర్తు తెచ్చుకున్నాడు. పక్కింట్లో జట్కా బండి తోలే ఖాజా పీర్ కూతురు. ఐదో తరగతితో బడి మాన్పించారు. నాయన సాయంత్రాలు వాళ్ల వసారాలోకి పోయి ఆ పిల్లకు చదువు చెప్పేవాడు. తనకంటే మూడేళ్లు చిన్న. అంతకు మించి ఏమీ తెలియదు. ఆ వయసులో పక్కింటి చిన్నపిల్లను ఎవరు పట్టించుకుంటారు?

సింధూజకు ఫోన్ చేశాడు. "ఆళ్లగడ్డకు పోవల్లమ్మా. వస్తావా?"

"ఎన్ని గంటలకు సార్?" అంది ఆమె, ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు.

శిరివెళ్ల దాటేదాకా దేవదానం బస్సు కిటికీలోంచి నల్లరేగడి చేలు చూస్తూ కూచున్నాడు. ఫిడేలు పెట్టె ఒళ్లో పెట్టుకున్నాడు. ఆళ్లగడ్డ దగ్గర పడేసరికి రోడ్డు పక్కన శిల్పులు చెక్కి నిలబెట్టిన రాతి విగ్రహాలు, సగం చెక్కిన నంది ఒకటి కనిపించాయి. బస్సు దిగి ముందు పాత వీధికి పోయారు. వాళ్లున్న అద్దె ఇల్లు లేదు. అక్కడ ఫోన్లు బాగు చేసే అంగడి ఉంది. ఖాజా పీర్ ఇల్లూ లేదు. రోడ్డు మీదికి తిరిగి వచ్చి, రాతి దుమ్ములో కూచొని ఉలి నూరుకుంటున్న ముసలి శిల్పిని అడిగారు. ఆయన పేరు మద్దిలేటి.

"జట్కా ఖాజా పీరా? ఆయప్ప పోయి ముప్పై ఏండ్లాయ" అన్నాడు మద్దిలేటి. "కూతురుంది. ఆమె కొడుకు ఇంతియాజ్‌ది నాలుగు రోడ్ల కాడ చికెన్ సెంటర్. ఆడికి పోయి అడుగు."

ఇంతియాజ్ యాభై ఏళ్ల మనిషి. సంగతి సగం విని, కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కొని, "అమ్మ కోసమా? రాండి సార్" అని ఇంటికి తీసుకుపోయాడు. అంగడి వెనక సందులోనే ఇల్లు. అజీజున్నీసా వసారాలో మంచం మీద కూచొని చింతపండులో గింజలు తీస్తోంది. తల నెరిసింది. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. దేవదానం తన పేరు, నాయన పేరు చెప్పాడు.

"నతానియేలు సార్ కొడుకా?" అని ఆమె ఎగాదిగా చూసింది. "దానన్నవా నువ్వు? నంద్యాల నుంచి వచ్చినప్పుడంతా అద్దం ముందర నిలబడి తల దువ్వుకుంటా ఉంటివే, ఆ దానన్నవేనా? ఇప్పుడేందీ, దువ్వుకునేదానికి ఏం మిగల్లే."

సింధూజ నవ్వు ఆపుకోలేకపోయింది. ఇంతియాజ్ భార్య షాహీన్ టీ తెచ్చింది. దేవదానం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, ఫోన్ తీయమని సింధూజకు సైగ చేశాడు. ఆమె టేపు పెట్టింది.

కాకి అరిచింది, సైకిలు గంట మోగింది. "అవుతాందా ఇది?" అనే గొంతు విని అజీజున్నీసా తల ఎత్తింది. 'అజీజు' అన్న మాట దగ్గర ఆమె చెయ్యి చింతపండులోనే ఆగిపోయింది. పాట అయిపోయేదాకా కదల్లేదు.

"ఈ పాట ఇప్పుడు అమెరికాలో వాయిస్తాండారమ్మా. ఎంతోమంది" అన్నాడు దేవదానం.

"ఏం పాట?"

"నువ్వు కోళ్లను పిలిచే పాట."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "అది పాటెట్ల అయితాదన్నా? నేను కోళ్లను పిలిచినా" అంది. తర్వాత నిదానంగా చెప్పుకొచ్చింది. "నాటుకోళ్లు ఎట్ల పిలిచినా వస్తాయి. ఆ దొర తెచ్చిన తెల్లకోళ్లకు తిక్క. బో బో అంటే ఇట్ల చూసి అట్ల పోయేవి. మొదటి నెలలోనే రెండింటిని ముంగిస పట్టుకపాయె. అమ్మ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టె. దొర వచ్చి, రోజూ ఒకే తీరు పిలువు పాపా, గొంతు మార్చగాకు అన్యాడు. సరే అని ఒక తీరు పెట్టుకున్యా. నాలుగు రోజులకు రాబట్నాయి. గోడకు అవతల మీ నాయన వింటాండేవాడు. నేను ఈ పక్క పిలిస్తే ఆయన ఆ పక్క ఫిడేలు మీద నన్ను ఎగతాళి పట్టిచ్చేవాడు. కడాకు ఏమాయెనో తెల్సా? కోళ్లు గోడెక్కి ఫిడేలు కాడికి పోబట్నాయి. అమ్మ పోయి సార్‌తో కొట్లాడింది."

చెబుతూ చెబుతూ తనే నవ్వింది. షాహీన్ గుమ్మంలోనే నిలబడిపోయింది. అత్త ఇట్లా మాట్లాడటం ఆమె ఎప్పుడూ విన్నట్టు లేదు.

దేవదానం టీ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మా, నీకు ఒక మాట చెప్పల్ల. ఈ పాట మా నాయనే కట్టినాడని నేను ఊరంతా చెప్పుకున్యా. అమెరికావోళ్లకూ అదే రాయిచ్చినా. చర్చిలో శాలువా కూడా కప్పిచ్చుకున్యా. ఈ టేపు విన్నాక కూడా రెండు రోజులు గమ్ముగా ఉన్యా."

"కప్పుకో అన్నా, ఏం పోయింది" అంది ఆమె. "చలికాలం వస్తాంది గదా."

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆమె అది చూసి, గొంతు మార్చి అంది: "సార్ రెండో ముక్క కట్టకపోతే అది కోళ్ల దొడ్లోనే ఉండిపోయేది. ఇద్దరి పేర్లూ రాయి. కోళ్ల కూత అని కూడా రాయి. లేకపోతే నేనేదో పాటకత్తె అనుకుంటారు వాళ్లు."

సింధూజ ఆ మంచం మీదే కూచొని క్లేర్‌కు రాసింది. టేపులోని మాటలన్నీ, ఒక్కటి వదలకుండా, ఇంగ్లీషులో పెట్టింది. రాస్తుండగా దేవదానం ఫిడేలు పెట్టె తెరిచాడు.

"ఒకసారి పిలుస్తావా అమ్మా?"

"గొంతు యాడుందన్నా ఇప్పుడు? డెబ్బై దాటినాయి."

"ఉన్నంత."

ఆమె కొడుకు వైపు, కోడలి వైపు చూసి, కొంగు సర్దుకుంది. తర్వాత పిలిచింది. మూడు పొట్టివి, ఒక పొడుగు. గొంతు మధ్యలో విరిగింది, అయినా స్వరం పోవలసిన చోటికి పోయింది. దేవదానం దాన్ని అందుకొని వాయించాడు. ఆమె మళ్లీ పిలిచింది. ఆయన మళ్లీ వాయించి, ఈసారి ఆగకుండా రెండో సగంలోకి దిగాడు. పక్కింటివాళ్లు వచ్చి సందులో నిలబడ్డారు. ఇంతియాజ్ తల్లి ముఖాన్నే చూస్తూ, తుడుచుకున్న చేతులనే మళ్లీ తుడుచుకుంటున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక దేవదానం చేయెత్తి, రెండు నిమిషాలు మాట్లాడతానన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. కోళ్ల కూత అన్నప్పుడు వెనక వరసల్లో నవ్వారు. ఆయన వద్దనలేదు. పేపరాయనకు కూడా ఫోన్ చేసి చెప్పాడు గాని, వాళ్లు మళ్లీ వేయలేదు. క్లేర్ మాత్రం వారంలోపలే వీడియో కింద మార్చింది. 'ఆళ్లగడ్డ కోళ్ల పిలుపు. మొదటి సగం అజీజున్నీసా, రెండో సగం నతానియేలు, మాదాకా తెచ్చినవాడు వాల్టర్' అని. ఎల్లా గాడ్‌ను నమ్మినవాళ్లు ఊరికే వదల్లేదు. ఎల్లా సమాధి మా అవ్వ స్వయంగా చూసింది, ఈ కోళ్ల కథ ఎవరో అల్లింది అని ఒకాయన గట్టిగా రాశాడు. సింధూజ జవాబు రాయబోతే దేవదానం వద్దన్నాడు. "ఉండనీలేమ్మా. ఆయప్పకూ ఒక ఎల్లా కావాల."

అక్టోబరులో మళ్లీ ఆళ్లగడ్డకు పోయాడు, ఈసారి ఒక్కడే. క్లేర్ రాసింది తెలుగులోకి మార్చి, కాగితం మీద పెద్ద అక్షరాలతో సింధూజ అచ్చు వేయించి ఇచ్చింది. అజీజున్నీసా కళ్లద్దాలు పెట్టుకొని, ఎవరినీ చదవనివ్వకుండా, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి తనే చదువుకుంది. నతానియేలు సార్ నేర్పిన చదువు అది. తన పేరు దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఆయన పేరు దగ్గర ఆగింది. కాగితం మడిచి తలగడ కింద పెట్టింది.

"బాగుందిలే" అంది. కొంచెంసేపయ్యాక, "ఆ ఫోన్లో ఉండాదా అది?" అని అడిగింది.

"పాటా?"

"పాట వద్దన్నా. సార్ మాట్లాడేది పెట్టు. అమ్మ పోయినాక, నాయన పోయినాక నన్ను అజీజు అని పిలిచేవోళ్లు ఎవురూ లేరు. అందరికీ అవ్వనే, అమ్మనే."

దేవదానం పెట్టాడు. పాట మొదలు కాకముందే ఆపాడు. ఆమె ఇంకోసారి అంది. ఇంకోసారి పెట్టాడు.

ఆ తర్వాత ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఏడాది నతానియేలు సార్ ఏం చేసేవాడో, దొర వచ్చీరాని తెలుగులో ఏదన్నా అంటే ఎట్లా నవ్వేవాడో, బడి నుంచి వస్తూ వస్తూ జేబులో బొరుగులు పోసుకొని వచ్చి ఆమె పలక పక్కన ఎట్లా కుప్ప పోసేవాడో, నంద్యాల హాస్టల్ నుంచి కొడుకు ఉత్తరం వస్తే గోడ మీది నుంచి ఖాజా పీర్‌ను పిలిచి ఎట్లా చదివి వినిపించేవాడో. దేవదానం లేని ఏడాది అది. ఉత్తరాలు తను రాసినట్టే ఆయనకు గుర్తు లేదు.

మధ్యలో ఇంతియాజ్ వచ్చి, మూడు గంటల బస్సు పోతుంది సార్, బండి మీద దింపనా అని అడిగాడు.

"పోనీలేప్పా, ఇంకోటొస్తాది" అన్నాడు దేవదానం, ఆమె వైపు నుంచి ముఖం తిప్పకుండా. "ఆ ఉత్తరాల సంగతి చెప్పమ్మా."